పసివాడి ముక్కు దిబ్బడకు నూనె చుక్క వేయాలా, ఉప్పునీటి చుక్క వేయాలా?

మూడు నెలలు దాటిన మీ బాబుకు రెండు రోజులుగా ముక్కు దిబ్బడ, జ్వరం లేదు, పాలకు పట్టగానే రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తున్నాడు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇద్దరమే ఉంటున్నాం, ఇంట్లో ఏమి చేయవచ్చు అని అడిగారు. నేను డాక్టరును కాను. ముగ్గురు పిల్లలను పెంచి, పోయిన ఏడాది కూతురి కాన్పుకని కడప నుంచి అక్కడికే వచ్చి మారతహళ్లిలో ఐదు నెలలు మనవడికి లాలపోసిన అమ్మమ్మను.

చుక్కల సంగతి తరువాత చెబుతాను. ముందు బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు నిండిన దగ్గర నుంచి ఏడాది లోపు పిల్లలకు నిమిషానికి 50, అంతకు మించి ఉంటే అది ఉత్త జలుబు కాకపోవచ్చు. రెండు నెలల లోపు పసికందుకైతే ఆ లెక్క 60. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మూలుగుతున్నా, పాలు అసలు పట్టకపోయినా, ఒంటేలు బాగా తగ్గినా ఇంటి వైద్యం మాట వదిలి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పెదవులు నీలంగా కనిపిస్తే 108కి ఫోను చేయండి. ఇవేవీ లేవనుకుని మిగతాది రాస్తున్నాను.

మా మనవడికి ఏడో వారంలో జలుబు చేసింది. జనవరి నెల, కిటికీ ఎదురుగా కొత్త కట్టడం, ఇల్లంతా సిమెంటు దుమ్ము. రాత్రి రెండు గంటలకు గుక్కపట్టి ఏడుస్తుంటే నేను గరిటెలో కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి తెచ్చాను. మా అమ్మాయి నా చేయి పట్టుకుని ఆపేసింది. "నిన్ను పెంచింది ఈ నూనెతోనే" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

పొద్దున్నే పిల్లల డాక్టరు దగ్గర తగవు పెట్టాను. ఆయన కోప్పడలేదు. ముక్కులో వేసిన నూనె జారి ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడి నుంచి బయటికి రాదని, దానివల్ల ఒక రకం న్యుమోనియా వస్తుందని చెప్పారు. ముగ్గురికీ పోశాను, ఏమీ కాలేదే అన్నాను. "వికటించిన పిల్లలను నేను చూస్తానమ్మా, మీరు చూడరు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. లాలపోసేటప్పుడు నూనె పోసి ముక్కులోకి ఊదే అలవాటు కూడా ఆ రోజుతోనే మానేశాను. నూనెలో కర్పూరం కరిగించి రొమ్ముకు రాయడమూ మానండి. కర్పూరం పసివాళ్ల ఒంట్లోకి వెళితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఘాటుగా ఉండే జలుబు లేపనాలు రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు.

ఇక చేయవలసింది. మందుల దుకాణంలో సెలైన్, అంటే ఉప్పునీటి చుక్కలని అడిగి, సీసా మీద సోడియం క్లోరైడ్ 0.65 శాతం అని తప్ప వేరే మందు పేరు లేదని చూసుకోండి. ముక్కు దిబ్బడ తగ్గించే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ అనే మందులు ఉన్న చుక్కలు కూడా అలాంటి చిన్న సీసాల్లోనే వస్తాయి. అవి డాక్టరు చెప్పకుండా పసివాడికి వేయకూడదు. ఇంట్లో ఉప్పు కలిపి చేసుకుందామని నేనూ అన్నాను. ట్యాంకరు నీళ్లు, చేతి అంచనా ఉప్పు ఏడు వారాల బిడ్డ ముక్కులోకి ఎందుకని అమ్మాయి అడిగింది. ఆ మాట నిజమే.

చుక్కలు వేయడంలో మాత్రం నా పాత చేతివాటమే పనికొచ్చింది. లాలపోసేటప్పటిలాగే కాళ్లు చాపుకుని, మెత్తటి తువ్వాలు వేసి, బాబును కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకున్నాను. తల రెండు పాదాల మధ్య కదలకుండా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆ ఆగడమే అసలు పని. అప్పుడే పక్కులు నానుతాయి. చాలాసార్లు వాడే గట్టిగా తుమ్మి చీమిడి బయటికి తోసేస్తాడు, గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. రాకపోతే చీమిడి లాగే రబ్బరు బల్బు వాడాలి. ముందు బయటే బల్బును నొక్కి పట్టుకుని, కొనను ముక్కు అంచులో మాత్రం పెట్టి, మెల్లగా వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. దూది పుల్లలు లోపలికి పెట్టవద్దు.

ఇక్కడ మా అమ్మాయి తప్పు కూడా చెప్పాలి. ఆ బల్బు దొరికాక గురగుర వినిపిస్తే చాలు, లాగేసేది. రోజుకు ఎనిమిది తొమ్మిది సార్లు. మూడో రోజు చీమిడిలో రక్తపు చార కనిపించింది. మాటిమాటికీ లాగితే లోపలి పొర వాచి ముక్కు ఇంకా బిగుసుకుంటుందట. రోజుకు మూడు నాలుగు సార్లకు మించవద్దని డాక్టరు ఆమెకూ చెప్పారు. నేను ఏమీ అనలేదు, కానీ సంతోషించాను.

ఆ మూడు నాలుగు సార్లు ఎప్పుడనేది ముఖ్యం. ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. పాలు తాగేటప్పుడు నోరు నిండి ఉంటుంది, ముక్కు మూసుకుపోయి ఉంటుంది, అందుకే రెండు గుక్కలకే వదిలేసి ఏడుస్తారు. కాబట్టి పాలకు పది పదిహేను నిమిషాల ముందు శుభ్రం చేయండి, తాగాక చేస్తే కక్కేస్తాడు. ఒక్కసారే కడుపు నిండా పట్టాలని చూడకుండా కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి. తల్లిపాలు ముక్కులో పిండమని మీకూ ఎవరో ఒకరు చెబుతారు. ఉప్పునీటి చుక్కలు చేతిలో ఉండగా దాని అవసరం లేదు. ఆరు నెలల లోపు నీళ్లు, కషాయం పట్టకండి. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు రాయడం కూడా వద్దు.

సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట అన్నీ ఆపండి. సాంబ్రాణి మానడానికి నాకు మనసు ఒప్పలేదు కానీ, పొగ పొగే కదా. చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. మరిగే నీళ్ల గిన్నె బాబు దగ్గరికి తేవద్దు. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి, ఆ ఆవిరిలో బాబును ఎత్తుకుని, నీళ్లకు దూరంగా పది నిమిషాలు కూర్చుంటే చాలు. మెలకువగా ఉన్నప్పుడు భుజాన నిలువుగా ఎత్తుకోండి. పడుకోబెట్టేటప్పుడు తల కింద దిండు లేకుండా వెల్లకిలానే.

పక్కింటివారు ఇచ్చే జలుబు సిరప్ ముట్టుకోకండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద రాయాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే ఆదేశించింది. చీమిడి పచ్చగా మారిందని కంగారు పడి యాంటీబయాటిక్ కూడా అడగకండి. జలుబులో అది మామూలే. మావాడికి పూర్తిగా తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో రోజు నుంచి పాలు మాత్రం బాగా తాగాడు.

ఈ రాత్రి పాలకు ముందు ఒకసారి చేసి చూసి, ఎలా తాగాడో రాయండి. ఊపిరి లెక్క 50 గానీ, అంతకు మించి గానీ ఉంటే మాత్రం రాస్తూ కూర్చోకుండా బయలుదేరండి.