చిలక కూతని ఫోన్ పట్టేస్తుంది, మరి తోలేదెవరు?

ప్రశ్న: రెండెకరాల్లో పొద్దుతిరుగుడు వేశాను. గింజ పట్టినప్పటి నుంచి తెల్లారేసరికి చిలకల గుంపు దిగుతోంది. పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే యాప్ ఉందట, దాన్ని స్పీకర్‌కి కలిపితే కాపలాయే అక్కర్లేదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: పేరు చెప్పడం వరకూ నిజమేనండీ. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షి ప్రయోగశాల వాళ్ల మెర్లిన్ యాప్‌కి 2021లో కూతలు గుర్తుపట్టడం వచ్చింది. ఉచితమే, మన ప్రాంతం ప్యాక్ (ఇక్కడి పక్షుల సమాచారం) ఇంటి దగ్గరే దించుకుంటే చేలో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. వాళ్లదే బర్డ్‌నెట్ అని ఇంకోటుంది, అది కూతని మూడేసి సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ బొమ్మగా మార్చి (కీచు గొంతు గీతలు పైన, బొంగురువి కింద) ఆ గీతల తీరు చూసి ఫలానా పిట్ట అంటుంది.

తంటా ఆ తర్వాతే. చిలక పేరు వచ్చిందంటే మీ చేలోనే వాలిందని కాదు, పక్క వేపచెట్టు మీదికి పోతున్నా అదే పేరు. ఎన్నొచ్చాయో చెప్పదు. పైగా చిలకలు వచ్చేటప్పుడే గోల, పువ్వు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ తినడం మొదలెట్టాక చాలావరకు నోరు మెదపవు, గింజ చిట్లే చప్పుడు తప్ప. అందుకే మైకు అవి వచ్చే దారిలో, గట్టు మీద ఉండాలి.

ఇక స్పీకర్. డేగ అరుపు పొద్దస్తమానం మోగిస్తే నాలుగు రోజులకే అలవాటు పడిపోయి ఆ స్పీకర్ మీదే కూర్చుంటాయి, గుంపు వచ్చినప్పుడు మాత్రమే మోగితే ఇంకొన్నాళ్లు బెదురుతాయి. కూత పట్టే యంత్రంతో అసలు లాభం అదే. కానీ దానికి చిన్న కంప్యూటరు, మైకు, బ్యాటరీ, వాన తగలని డబ్బా, చెడిపోతే చూసే మనిషి కావాలి. రెండెకరాలకి నేనైతే అంత పెట్టను.

ఒక వారం పొద్దునా సాయంత్రం గట్టు మీద ఫోన్ పెట్టి, ఏ వేళకి ఏ వైపు నుంచి వస్తున్నాయో రాసుకోండి, ఆ గంట మంచె మీద డబ్బా వాయించడం, వడిసెలతో రాయి విసరడం చాలు. పైరుకి కాస్త ఎత్తున మెరుపు రిబ్బన్ ఉత్తర దక్షిణాలుగా కట్టండి, ఎండకి తళుక్కుమని, గాలికి బుర్రుమంటుంది. వలేసి పట్టడం, మందు పెట్టడం మాత్రం వద్దు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అన్నట్టు, ఫోన్లో పసులపోలిగాడి (చీలిన తోక నల్ల పిట్ట) పేరు కనిపిస్తే వాణ్ణి తోలకండి. పురుగులు తింటాడు, డేగలా అరిచి గోరింకల్ని బెదరగొడతాడని కూడా అంటారు. పురుగులు తినే పిట్టలు వాలడానికి పాతిన టీ (T) ఆకారం కర్రలు ఇంకా ఉంటే మాత్రం ఇప్పుడు పీకేయండి, గింజ పట్టాక వాటి మీద కూర్చునేది చిలకలే.