గడప దగ్గర ఆగిపోవడం, మధ్యాహ్నం మాత్ర పట్టకపోవడం

మీ నాన్నగారు గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతున్నారని, మధ్యాహ్నం మాత్ర అసలు పట్టడం లేదని రాశారు కదండీ. మా అమ్మకి ఆరేళ్లుగా పార్కిన్సన్స్, ఈ రెండూ మేం పడ్డవే.

ముందు మాత్ర సంగతి. పప్పన్నం, పెరుగు తిన్న వెంటనే సిండోపా (పార్కిన్సన్స్ మాత్ర) వేస్తున్నారా? అందులోని అసలు మందు లెవోడోపా, తిండిలోని ప్రొటీన్ రెండూ పేగులోంచి ఒకే దారిలో ఒంట్లోకి వెళ్లాలి, ప్రొటీన్ ఎక్కువైతే మందు వెనకబడిపోతుంది. డాక్టరుకి ఒక మాట చెప్పి, భోజనానికి అరగంట ముందు నీళ్లతో వేసి చూడండి, వికారం వస్తే ఒక బిస్కెట్ చాలు. ఐరన్ మాత్ర దానితో కలపొద్దు. అలాగని పప్పు మానేయకండి, బరువు తగ్గిపోతారు. మేం పప్పు, గుడ్డు రాత్రికి మార్చాం. ఎవరో ఒకరు దూలగొండి పొడి అంటారు, అందులోనూ ఉండేది లెవోడోపానే, సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. మా ఫిజియో చెబితే గడపకి ఇవతల అడుగు ఎడంలో పసుపు టేపుతో నాలుగు అడ్డగీతలు అంటించాం. "నడువమ్మా" అంటే కదలదు, "గీత దాటమ్మా" అంటే టక్కున దాటేస్తుంది, విచిత్రం! టేపు లేనిచోట నిలబడే బరువు అటూ ఇటూ మార్చుకుని, ఒకటి రెండు మూడు అనుకుని అడుగేస్తుంది.

అన్నట్టు, నీళ్లు తాగితే పొలమారుతోందా? అయితే స్పీచ్ థెరపిస్టుకి తొందరగా చూపించండి, మాటే కాదు మింగడం కూడా వాళ్లే చూస్తారు.