జయకి, ఓడ ఎక్కే ముందు

అమ్మీ జయా,

నువ్వు డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే పని నేర్చుకునే ట్రైనీగా ఎంపికయ్యావని, జూన్‌లో ముంబైలో ఓడ ఎక్కుతున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. ఆ పూట తిరుపతిలో నాకు ఎదురైన వాళ్ళెవ్వరినీ వదల్లేదు, అందరికీ చెప్పుకున్నా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. మీ చిన్నవ్వ అయితే, నా ఓడ కథలు వినే నువ్విట్లా తయారయ్యావని నాతో మాటలు మానేసింది.

సామాను గురించి పెద్దగా చెప్పను. జారని బూట్లు కొనుక్కో. వాంతులు అందరికీ అవుతాయి, కాప్టెన్లకీ అవుతాయి. కడుపు ఖాళీగా పెట్టుకోకు. కాగితాల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. నేను రాయాల్సింది గాలి గురించి.

మనవైపు తుఫానంటే వాన. ఘాట్ రోడ్డు మూసేస్తారు, స్వర్ణముఖి పొంగుతుంది, బడికి సెలవిస్తారు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయాయి కదా, ఆ రోజు తీరం దాటింది తుఫాను కూడా కాదు, వాయుగుండం. అంటే గాలి 27 నాట్లు, గంటకి 50 కిలోమీటర్లు, మించనిది. ఓడ మీద లెక్క వేరు. అక్కడ వాన చూపుని తగ్గిస్తుంది, అంతే. దెబ్బ కొట్టేది గాలీ, అది లేపే కెరటమూ. 34 నాట్లు, గంటకి 63 కిలోమీటర్లు, దాటితే గేల్ అంటాం. మన వాతావరణ శాఖ తుఫాను అని పిలిచేదీ అక్కడి నుంచే. 48 నుంచి తీవ్ర తుఫాను, 64 నుంచి అతి తీవ్ర తుఫాను.

జూన్‌లో ఎక్కుతున్నావు కాబట్టి ముందుగా నైరుతి గాలే తగులుతుంది. అరేబియా సముద్రంలోని సొకోత్రా దీవి చుట్టుపక్కల జూలైలో అది రోజుల తరబడి ఒకే దిక్కు నుంచి గేల్‌కి అటూ ఇటూగా వీస్తుంది. ఒళ్ళు హూనమవుతుంది గానీ దాన్లో మోసం లేదు. ఎప్పుడొస్తుందో, ఎటునుంచి వస్తుందో అందరికీ తెలుసు. అట్లాగని ఏమరపాటు వద్దు. నైరుతి వచ్చే వేళకి అరేబియా సముద్రంలోనూ తుఫాన్లు పుడతాయి. 2007 జూన్‌లో గోను ఒమన్‌ని అతలాకుతలం చేసింది, 2023 జూన్‌లో బిపర్జాయ్ గుజరాత్‌లో తీరం దాటింది. నాకు అసలు టెన్షన్ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం గురించే. ఎందుకో చెప్తా, ఓపిగ్గా చదువు.

డెబ్బైల చివర్లో ఒక నవంబరు. సింగపూర్ నుంచి మద్రాసు వస్తున్నాం, డెక్ మీద కలప దుంగలు. నేనూ నీలాగే క్యాడెట్‌ని. చీఫ్ ఆఫీసర్‌తో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వాచ్, అంటే కాపలా డ్యూటీ. ఒక వాచ్‌లో గాలి పీడనం కొలిచే బారోమీటర్ మూడు మిల్లీబార్లు తగ్గితే ఏ వేళైనా సరే లేపమని కాప్టెన్ రాసి పెట్టాడు. మధ్యాహ్నమంతా తగ్గుతూ వచ్చి నాలుగింటికి 1004 దగ్గరుంది. "రోజూ ఈ వేళకి తగ్గేదే" అన్నాడు చీఫ్ ఆఫీసర్. ఎనిమిదింటికి 1005. "పెరుగుతోంది, మన దారి నుంచి తప్పుకుంది" అని నాచేత లాగ్ పుస్తకంలో రాయించాడు.

తగ్గినప్పుడు గుర్తొచ్చిన రోజువారీ లెక్క ఆయనకి పెరిగినప్పుడు గుర్తురాలేదు. ఉష్ణమండల సముద్రాల మీద పీడనం రోజుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పదికీ రాత్రి పదికీ ఎక్కువ. తెల్లవారుజాము నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ తక్కువ. సూర్యుడి వేడికి వాతావరణమంతా అలా ఊగుతుంది, ఆ ఊపు మూడు మిల్లీబార్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన మా వాచ్ నాలుగు గంటల్లో అది ఎలాగూ రెండుకి పైగా పెరగాలి. పెరిగింది ఒకటి. జీతం పెరిగిందని సంబరపడి, సరుకుల ధరలు ఎంత పెరిగాయో చూసుకోనివాడి లెక్క అది. నిజానికి పీడనం పడిపోతోంది, అంటే తుఫాను దగ్గరకొస్తోంది.

ఎనిమిదింటికి వాచ్ తీసుకోడానికి థర్డ్ మేట్, చీఫ్ ఆఫీసర్ కన్నా చిన్న ఆఫీసర్, వచ్చాడు. అంకెని పట్టించుకోలేదు. పీడనాన్ని గీతగా గీస్తూ పోయే బారోగ్రాఫ్ కాగితం మీది గీతని వేలితో వెనక్కి తడుముతూ పోయి, నిన్న రాత్రి ఎనిమిది దగ్గర ఆపాడు. 1009 పైన ఉంది. తలుపు తీసి బ్రిడ్జి వింగ్ మీదికి, అంటే ఓడ నడిపే గది పక్కనుండే ఆరుబయటి వసారాలోకి, పోయి నిలబడ్డాడు. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది, ఓడని ఊపే అల మాత్రం వెనక ఆగ్నేయం నుంచి, పొడుగ్గా, తీరిగ్గా వస్తోంది. గాలికి ఎదురుగా ముఖం పెట్టి, కుడిచేయి చాపి, "అదిగో, అటుంది" అన్నాడు. మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది. వెంటనే కాప్టెన్‌ని లేపాడు. చీఫ్ ఆఫీసర్ ముఖం మాడిపోయింది.

నాలుగింటికే అనుమానపడి ఉంటే గంటన్నర వెలుతురు దొరికేది. దుంగల గొలుసులు అప్పుడే బిగించుకునేవాళ్ళం. ఆ పని టార్చి లైట్ల కింద, మోకాళ్ళ దాకా నీళ్ళు కొడుతుంటే చేశాం. అర్ధరాత్రికి గాలి తూర్పుకి తిరిగింది. ఉత్తరార్ధగోళంలో గాలి గడియారం ముల్లు తిరిగే వైపు మారుతోందంటే మనం తుఫానుకి కుడిపక్క ఉన్నట్టు. రెంట్లో చెడ్డ పక్క అదే. గాలి ఓడ కుడి ముందుభాగం మీద పడేలా తిప్పి కాప్టెన్ మెల్లగా నడిపించాడు. ఒక గొలుసు తెగింది. డెక్ పనివాళ్ళ పెద్ద బోసన్ చెయ్యి విరిగింది. ఆయన పక్కనే ఉన్నాను, ఎముక విరిగిన చప్పుడు గాలి హోరులో కూడా వినబడింది. ప్రాణాలు పోలేదు. దుంగలు సగం సముద్రంలోకి పోయాయి.

ఇప్పుడు శాటిలైట్ బులెటిన్లు వస్తాయి, హెచ్చరికలు రేడియోలో అందుకునే నావ్‌టెక్స్ ఉంది, తాత పాత కథలెందుకు అంటావేమో. బులెటిన్ తప్పకుండా చదువు. దాంట్లో తుఫాను కేంద్రం రేపు ఉంటుందన్న చోటుకి చుట్టూ వంద మైళ్ళు, ఎల్లుండికి రెండొందలు, ఆవలెల్లుండికి మూడొందలు అంచనా తప్పవచ్చని కలుపుకుని చూడు. కానీ బులెటిన్ రాసేవాడు నీ ఓడ మీద లేడు. నువ్వున్నావు. గాలి వేగం రాసేటప్పుడు ఓడ వేగాన్ని లెక్కగట్టి తీసేసి రాయి. మీటరు చూపించేది రెండూ కలిసిన గాలి. డెక్ మీద నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీదే ఉండాలి. ఫోటోలు తీసుకోడానికి ఆ చెయ్యి కూడా వదిలావని తెలిస్తే నేనే వచ్చి తంతాను.

బయల్దేరేలోపు ఒక పని చెయ్యి. చాలా ఫోన్లలో బారోమీటర్ ఉంటుందట. నీదాంట్లో ఉంటే వారం రోజులు పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకీ అంకె రాసుకో. చిత్తూరు ఎత్తులో ఉంది కాబట్టి సముద్రం మీదకన్నా చాలా తక్కువ చూపిస్తుంది, కంగారుపడకు. ఊపు మాత్రం ఇంట్లోనే కనబడుతుంది. నువ్వు బస్సులో తిరుపతి వస్తూ దాటే గాదంకిలో పెద్ద రాడార్ పెట్టి పైగాలుల్ని కొలుస్తున్నారు, గాలి చదువు మన వాకిట్లోనే ఉంది.

నాకున్న అసలు భయం నీ బెదురు. చిన్నప్పుడు గోవిందరాజస్వామి గుడి దగ్గర జనంలో తప్పిపోయి, పక్కనే పోలీసాయన ఉన్నా అడక్క, మేం వచ్చేదాకా స్తంభం పట్టుకుని నిలబడ్డావు. ఓడలో అట్లా కుదరదు తల్లీ. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పాల్సిన పని లేదు, అంకె చెప్పు చాలు: "సార్, నిన్న ఇదే వేళకి 1009 ఉంది." కసురుకుంటే కసురుకోనీ. ఇంకో వాచ్‌లో మళ్ళీ చెప్పు.

మీ అమ్మకి ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నానని, నిద్ర పోతున్నానని చెప్పు. గేల్ తగిలిందని ఆమెకి చెప్పకు, నాకు చెప్పు: ఎన్ని నాట్లు, ఎటునుంచి, బారోమీటర్ ఎంత, నిన్న అదే వేళకి ఎంత.

మీ చిన్నతాత