పడవ చెక్కను నీటి నుంచి కాపాడే పని: వడ్రంగి నేర్చుకోవాలా?

ప్రశ్న: నేను వడ్రంగం కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టు కింద ఒక పాత ఫైబర్ పడవకు డెక్, సీట్లు కొత్త ప్లైవుడ్‌తో కట్టి, పైన మూడు పూతలు వార్నిష్ వేశాను. ఏడాది తిరగకుండానే అంచులు ఉబ్బాయి, స్క్రూల చుట్టూ నల్లబడింది. పూతలు పెయింటర్ల పని అని, వడ్రంగికి కోత, అతుకు తెలిస్తే చాలని తోటివారు అంటున్నారు. పడవల మరమ్మతు రంగంలోకి వెళ్లాలనుకుంటున్నాను. చెక్క రక్షణను ప్రత్యేకంగా నేర్చుకుంటే ప్రయోజనం ఉంటుందా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: తప్పకుండా ఉంటుంది. మీ తోటివారి మాట ఇంటి తలుపుల విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో కాని, పడవ విషయంలో చెల్లదు. తలుపుకు పూత చివరి పని. పడవలో మాత్రం పలకను కోసిన తరువాత, బిగించడానికి ముందు జరిగే పనుల్లోనే రక్షణలో ఎక్కువ భాగం ఇమిడి ఉంటుంది. చక్కగా అతుకు కూర్చే వడ్రంగులూ ఉంటారు, నునుపుగా రంగు వేసే పెయింటర్లూ ఉంటారు. పలక అంచు, స్క్రూ రంధ్రం, కంటికి కనిపించని అడుగు భాగం ఎవరి బాధ్యతో తేలక వదిలేసిన చోటే డెక్ పాడవడం మొదలవుతుంది. ఆ బాధ్యతను తనదిగా తీసుకోగల వడ్రంగిగా తయారు కమ్మన్నదే నా సలహా.

మీ పడవలో ఏం జరిగిందో అర్థమైతే ఏం నేర్చుకోవాలో సగం తేలిపోతుంది. చెక్క పై ముఖం నుంచి కన్నా నార తెగిన కొసల నుంచి నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. ప్లైవుడ్‌లో పొరలను ఒకదానికొకటి అడ్డంగా పేరుస్తారు కనుక నాలుగు అంచుల్లోనూ తెగిన కొసలు బయటికే ఉంటాయి. మీరు పైన వేసిన మూడు పూతలు ఆ అంచులకు గాని, అడుగుకు గాని, రంధ్రాల లోపలి గోడలకు గాని అంది ఉండవు. పడవ అడుగున నిలిచిన చెమ్మ కింది నుంచి ఎక్కుతూ ఉంటే, పైనున్న వార్నిష్ దాన్ని బయటికి పోనివ్వకుండా మూతలా పనిచేసి ఉంటుంది. స్క్రూల చుట్టూ ఉన్న నలుపు, తడిసిన ఇనుము చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి ఏర్పడిన మరక కావచ్చు; అక్కడ మొనదేలిన పనిముట్టుతో గుచ్చినప్పుడు మెత్తగా దిగిపోతే మాత్రం కుళ్లు మొదలైందని తెలుసుకోండి. చెక్కలో తేమ 20 శాతానికి లోపే ఉన్నంతకాలం కుళ్లు తెచ్చే శిలీంధ్రం పెరగలేదు. మనం చేసే పూతలు, నీరు కారిపోయే దారులు, గాలి సందులు అన్నీ ఆ హద్దు దాటనివ్వకుండా చూడడానికే.

అందుచేత మొదట నేర్చుకోవలసినది పని వరుస. పలకలన్నీ కోసి, పొడిగానే అమర్చి చూసి, రంధ్రాలు గుర్తించి, అన్నీ మళ్లీ బయటికి తీసి, ఆరు ముఖాలకూ ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) పట్టించి, ఆ తరువాతే బిగించాలి. చెక్కలో తేమ 12 శాతానికి మించకుండా ఉన్నప్పుడు పూత మొదలుపెట్టడం మంచిది. దీనికి చిన్న తేమ మీటరు చాలు. ముందుగా అంచులకు బ్రష్‌తో ఎపాక్సీ అద్ది కొన్ని నిమిషాలు ఆగితే, తడి మెరుపు పోయి అంచు వెలవెలబోతుంది. చెక్క దాన్ని తాగేసిందన్నమాట. మెరుపు నిలిచే వరకు మళ్లీ మళ్లీ అద్దాలి. పూత వేసే వేళ కూడా ముఖ్యమే. ఎండ ఎక్కుతూ పలక వేడెక్కే సమయంలో వేస్తే చెక్క లోపలి గాలి వ్యాకోచించి పూతలో బుడగలుగా పైకి వస్తుంది. పొద్దు వాలి పలక చల్లబడుతున్నప్పుడు వేస్తే పూత లోపలికి దిగుతుంది. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివితే మరచిపోయే ఈ విషయం, రెండు ముక్కలపై మీరే పోల్చి చూస్తే ఎప్పటికీ మరవరు.

రెజిన్‌లో హార్డెనర్‌ను తయారీదారు చెప్పిన నిష్పత్తిలోనే కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోయడం చాలామంది చేసే పొరపాటు. నిష్పత్తి తప్పిన ఎపాక్సీ ఎన్నటికీ పూర్తి బలానికి రాదు. కలిపిన దాన్ని లోతైన డబ్బాలో వదిలితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది కనుక వెడల్పాటి తట్టలో పలుచగా పరచి ఉంచుకోవాలి. కొన్ని రకాల ఎపాక్సీ గట్టిపడ్డాక పైన మైనపు జిడ్డు లాంటి పొర తేలుతుంది. దాన్ని ముందు నీటితో రుద్ది కడిగి, ఆ తరువాతే గరుకు కాగితం పట్టాలి, లేకపోతే జిడ్డు లోపలికి నూరుకుపోయి పై రంగు అంటదు. స్క్రూలు దిగే చోట పెద్ద రంధ్రం తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ సన్నని రంధ్రం వేస్తే స్క్రూ కూర్చునేది చెక్కలో కాదు, ఎపాక్సీలో. అక్కడ నీరు దిగినా చెక్కను తాకదు. ఇంత చేశాక కూడా ఎపాక్సీని ఎండకు వదలకూడదు. అతినీలలోహిత కిరణాలకు అది పెళుసెక్కి పొడిబారుతుంది. అందుకే దాని మీద రంగో, ఆ కిరణాలను తట్టుకునే వార్నిషో తప్పనిసరి. అడుగుపెట్టి నడిచే డెక్‌కైతే నా ఓటు రంగుకే, అది కూడా జారకుండా సన్నని ఇసుక చల్లి వేసినదానికి. వార్నిష్ అందంగా ఉంటుంది, కాని ఏటా పై పూత పడుతూ ఉండాలి.

పదార్థాల ఎంపికలోనూ వడ్రంగి మాటకే విలువ ఉండాలి. డబ్బా మీద, పలక మీద 'మెరైన్' అన్న ముద్ర చూసి మురిసిపోకండి. ప్లైవుడ్‌కు బీఎస్ 1088 (మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణం) వంటి ప్రమాణం ఉందో లేదో, కోసిన అంచులో లోపలి పొరల నడుమ ఖాళీలు ఉన్నాయో లేవో చూడండి. ఆ ఖాళీలే నీటికి సొరంగాలు. అల్యూమినియం పడవలో రాగి లవణాలతో శుద్ధి చేసిన కలపను వాడకూడదు, తడిసినప్పుడు ఆ రాగి లోహాన్ని తినేస్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. దాన్ని పూత లేకుండా వదిలినా బూడిద రంగుకు తిరుగుతుందే తప్ప త్వరగా చెడదు.

సీట్లలో తప్పు ఇంకోలా జరుగుతుంది. వినైల్ తొడుగు కుట్లలోంచి దిగిన నీరు స్పాంజిలో నిలిచి, కింది పలకను రోజుల తరబడి తడిగా ఉంచుతుంది. పలకకు నీరు కారే రంధ్రాలు పెట్టి, ఆ రంధ్రాల గోడలకూ ఎపాక్సీ పట్టించి, నీరు పీల్చని రకం ఫోమ్, స్టెయిన్‌లెస్ పిన్నులు వాడితే సరిపోతుంది.

ఇక మీ ఉద్యోగ మార్గం. కోర్సు ముగియగానే కొత్త పడవలు కట్టే చోటికి పరుగు తీయకుండా, మొదట ఒక మరమ్మతు యార్డులో చేరి పాత డెక్‌లు విప్పే పని అడిగి తీసుకోండి. ఎవరూ ఇష్టపడని పని అది; కాని నీరు ఎక్కడ దిగిందో, ఏ బోల్టు దగ్గర మొదలై ఎంత దూరం పాకిందో కళ్లారా చూసేది అక్కడే. దానితోపాటు చిన్న ప్లైవుడ్ ముక్కలపై రకరకాల పూతలు వేసి, ప్రతి ముక్కను ముందే తూకం వేసి, నీటిలో ఉంచి, మళ్లీ తూచి, పెరిగిన బరువును తేదీలతో రాసి పెట్టుకోండి. ఉద్యోగమిచ్చేవారికి నునుపైన పని ఫోటోల కన్నా ఈ నోటు పుస్తకం మీ గురించి ఎక్కువ చెబుతుంది. కొన్నేళ్ల అనుభవం తరువాత పూతల పర్యవేక్షణ, ఫైబర్‌గ్లాస్ పని, పడవలను తట్టి, కొలిచి స్థితిని అంచనా వేసే సర్వేయర్ వృత్తి వంటి దారులు తెరుచుకుంటాయి. సర్వేయర్ కావాలంటే దానికి వేరే చదువు, గుర్తింపు అవసరమవుతాయి కనుక ఆ తొందర ఇప్పుడే వద్దు.

యార్డును ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు మరో విషయం కూడా చూడండి. గట్టిపడని ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వచ్చిందంటే తరచూ జీవితాంతం ఉండిపోతుంది, చేతిలో ఉన్న వృత్తినే వదులుకోవలసి రావచ్చు. నైట్రైల్ చేతి తొడుగులు, ఆవిరిని వడకట్టే మాస్కు, ధూళిని లాగే యంత్రం రోజువారీ వాడకంలో కనిపించని యార్డు ఎంత పేరున్నదైనా అందులో చేరకండి. చర్మానికి ఎపాక్సీ అంటితే థిన్నర్‌తో తుడవకండి, అది దాన్ని మరింత లోపలికి పంపుతుంది. సబ్బు నీటితో కడుక్కోండి.