నడుం పట్టేయకుండా బస్తా ఎత్తేదెలా?

ప్రశ్న: కిరాణా కొట్టు మాది. రోజూ 25 కేజీల బియ్యం సంచులు పదిహేను, ఇరవై దించుతాను. ఎన్నడూ ఏమీ కాలేదు. మొన్న కిందపడ్డ పెన్ను తీయబోతే నడుం పట్టేసింది! పెన్నుకి పట్టేయడమేమిటి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పెన్ను మీద నింద పడింది గానీ, తప్పు సంచులదేనండీ. వంగి ఎత్తిన ప్రతిసారీ డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) చుట్టూ ఉండే నార పొర కొంచెం కొంచెం అలుస్తుంది. చివరికి మీ మొండెం బరువే దానికి ఎక్కువైపోతుంది.

నడుములో ఎక్కువగా దెబ్బతినేవి అడుగు రెండు డిస్కులు. అక్కడ లెక్క త్రాసు లెక్కే. డిస్కు మధ్య నుంచి వెన్ను కండరాలు లాగే చోటికి దూరం సుమారు 5 సెంటీమీటర్లు. 25 కేజీల సంచి డిస్కుకు 50 సెంటీమీటర్ల ముందుంటే కండరాలు 250 కేజీల బలంతో లాగాలి. అదే సంచిని 30 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే 150 చాలు. ఆ లాగుడంతా డిస్కు మీద నొక్కుడుగా పడుతుంది, వంగిన ఒంటి బరువు దీనికి అదనం. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో ఇచ్చిన బరువులెత్తే సూత్రంలో అన్నీ అనుకూలంగా ఉన్నా 23 కేజీలే హద్దు. చీలమండల నుంచి సరుకు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది 11.5కి పడిపోతుంది.

‘మోకాళ్లు వంచి ఎత్తు’ అనే సలహా సగమే నిజం. వెడల్పాటి సంచి మోకాళ్ల మధ్య పట్టదు, గొంతుక్కూర్చుంటే మరింత ముందుకు పోతుంది. అందుకని ముందు సంచిని నిలబెట్టండి. ఒక మోకాలు దాని పక్కనే నేలకు ఆనించి, సంచిని రెండో తొడ మీదికి లాక్కోండి. అక్కడ రెండు చేతులా పొట్టకు హత్తుకుని, అప్పుడు లేవండి. పక్కకు పెట్టాలంటే పాదాలు తిప్పండి, నడుం మెలితిప్పొద్దు. అసలు సంచులు నేల మీద కాక మోకాలెత్తు బల్ల మీద పేర్చుకుంటే సగం బాధ ఉండదు.

నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: నాట్లకు పోతం. వంగి వంగి లేచి నారు కట్టలు మోస్తుంటే నడుం కలుక్కుమంటది. ఎందుకట్ల?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పూర్తిగా వంగినప్పుడు వెన్ను కండరాలు దాదాపు పని మానేస్తాయమ్మా, బరువంతా వెనక పట్టీల్లాంటి స్నాయువుల మీద వేలాడుతుంది. అవి సాగిపోతాయి. ఇరవై నిమిషాలు వంగి లేస్తే, రెండు నిమిషాల్లో సగం వరకే సర్దుకుంటాయి, పూర్తిగా సర్దుకోవడానికి అరగంట దాటుతుంది. ఆ వదులు మీద కట్ట ఎత్తితే కలుక్కుమనక ఏం చేస్తుంది? పావుగంటకోసారి లేచి, నడుం మీద చేతులు పెట్టి రెండు మూడుసార్లు కొద్దిగా వెనక్కి వాలండి. లేచీ లేవగానే కట్ట ముట్టొద్దు, గట్టు మీద నాలుగడుగులు నడిచి అందుకోండి. కుదిరితే మోసేవాళ్లు, నాటేవాళ్లు వేరుగా ఉండటం మేలు.

ప్రశ్న: బెల్టు కట్టుకుంటే చాలదా?
– ఒక హమాలీ, గుంటూరు

జవాబు: చాలదు. నొప్పి లేనివాళ్లకు దెబ్బలు రాకుండా బెల్టు కాపాడుతుందనడానికి తగిన ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చింది. పైగా, బెల్టుంది కదా అని ఇంకో పది కేజీలు ఎక్కించుకునే ప్రమాదమూ ఉంది.