బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా ఆఖరి ఎపిసోడ్ మీద ఫ్యాన్స్‌కి అంత కోపం ఎందుకొచ్చింది?

ప్రశ్న అడిగినాయన "సీరీస్ మొత్తం రెండు వారాల్లో చూసేశాను, ఆఖరి ఎపిసోడ్ నాకు బానే అనిపించింది, మరి 2009లో దీన్ని అంతలా ఎందుకు తిట్టారు?" అని రాశారు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: సిలాన్లు అనే రోబోలు మనుషుల గ్రహాలన్నీ నాశనం చేస్తే, మిగిలినవాళ్ళు ఓడల్లో భూమిని వెతుక్కుంటూ పోయే అమెరికన్ టీవీ సీరీస్ ఇది. సమాధానం మీ ప్రశ్నలోనే ఉందండి. మీరు రెండు వారాల్లో చూశారు, మేము ఏళ్ళ తరబడి ఎదురుచూశాం. 2007 మార్చిలో మూడో సీజన్ అయిపోతే నాలుగోది మొదలైంది 2008 ఏప్రిల్‌లో. అందులో సగం అయ్యాక జూన్‌లో, ఇన్నాళ్ళూ వెతుకుతున్న భూమి దొరికిందని అందరూ కేకలు పెట్టి గంతులేసి కిందకి దిగితే అక్కడంతా బూడిద, మట్టి పిడికిట్లోకి తీసుకుంటే రేడియేషన్ మీటర్ టిక్ టిక్‌మంటోంది, అక్కడ ఆపేసి జనవరి దాకా పొమ్మన్నారు. ఏడు నెలలు! మనిషిని ఏడు నెలలు అలా కూర్చోబెడితే ఊరికే ఉంటాడా, వాడి క్లైమాక్స్ వాడు రాసేసుకుంటాడు. మా ల్యాబ్‌లోనే నాలుగు క్లైమాక్స్‌లు ఉండేవి. అసలు రైటర్ వచ్చి ఐదోది చూపిస్తే తిట్టరా మరి.

ఇక్కడనుంచి మొత్తం కథ చెప్పేస్తున్నా, చూడనివాళ్ళు ఆగిపోండి.

నేనప్పుడు డాలస్ దగ్గర ఎమ్మెస్ చేస్తున్నా. మాది గుంటూరు వైపు, రూమ్మేట్‌ది కరీంనగర్ దగ్గర పల్లె. ఇద్దరికీ ఈ పిచ్చి అంటించింది మా ల్యాబ్‌లో ఉండే అమెరికన్ కుర్రాడు, డీవీడీలు ఇచ్చి. నిజానికి నన్ను పట్టేసింది కథ కాదు, టైటిల్ మ్యూజిక్. ఎవరికైనా చెప్తే నమ్మరు గానీ అందులో పాడేది గాయత్రీ మంత్రం. అంతరిక్షంలో ఓడలు పేలిపోతుంటే వెనకాల "ఓం భూర్భువస్స్వః". ఒకసారి శుక్రవారం రాత్రి, అంటే ఇండియాలో శనివారం పొద్దున, అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకాల ల్యాప్‌టాప్‌లో ఇది మొదలైంది. అమ్మ ఒక్క క్షణం ఆగి "నాన్నా, పూజ చేసుకుంటున్నావా, అయితే తర్వాత చేస్తాలే" అని పెట్టేసింది. ఊళ్ళో అందరికీ చెప్పుకుంది, అమెరికా వెళ్ళినా మావాడు మారలేదని. నేను ఇప్పటికీ నిజం చెప్పలేదు.

సరే, ఆఖరి ఎపిసోడ్ 2009 మార్చి 20, శుక్రవారం. మా ఇంట్లో కేబుల్ లేదు, ఇంటర్నెట్ కూడా పక్క ఫ్లాటువాళ్ళతో కలిపి కట్టేది, అది కూడా సరిగ్గా క్లైమాక్స్‌లో పోయేది, ఆ గొడవ రాస్తే ఇంకో సమాధానం అవుతుంది. అందుకని ల్యాబ్‌మేట్ ఇంట్లో చూద్దామనుకున్నాం. తొమ్మిది మందిమి, తలా ఒక వంటకం తేవాలి. మేము పులిహోర చేసి పెద్ద అల్యూమినియం ట్రేలో పట్టుకెళ్ళాం. గుమ్మంలోనే ఒకమ్మాయి కత్తెరతో నిలబడింది. ఈ సీరీస్‌లో కాగితాలు, పుస్తకాలు, ఫొటోలు అన్నిటికీ మూలలు కత్తిరించి ఉంటాయి, ఎందుకో ఎవరూ చెప్పరు, అంతే. దాంతో ఆ రాత్రి పేపర్ ప్లేట్లు, నాప్‌కిన్లు, పిజ్జా డబ్బా మూతతో సహా అన్నిటికీ మూలలు కత్తిరించేశారు. మా ట్రే మీద కప్పిన ఫాయిల్‌కి కూడా. మా రూమ్మేట్ "నాలుగు మూలలు పోతే పోనియి, పులిహోర పోకుంటె సాలు" అన్నాడు.

అక్కడ సోఫాలో ల్యాబ్‌మేట్ వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. యాభై దాటిన మనిషి. 1978లో ఏబీసీలో వచ్చిన పాత గెలాక్టికాని కాలేజీ రోజుల్లో చూశాడట. ఒక్క సీజనే నడిచి ఆగిపోయింది అది. 2003లో రొనాల్డ్ మూర్ దాన్ని మళ్ళీ తీసి, స్టార్‌బక్ అనే పైలట్‌ని ఆడమనిషిని చేసేసరికి పాత ఫ్యాన్స్ మామూలుగా రగిలిపోలేదు. పాత స్టార్‌బక్‌గా వేసిన డర్క్ బెనెడిక్ట్ అయితే ఏకంగా ఒక వ్యాసం రాసి ఏకిపారేశాడు. పాత అపోలో రిచర్డ్ హాచ్ కూడా ముందు దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడే, తర్వాత అందులోనే టామ్ జారెక్ వేషం వేశాడు, అదీ ఇరగదీశాడు. ఈ పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. నాలుగేళ్ళు ప్రతి వారం వచ్చి కూర్చుని తిట్టడమే పని. "ఇది గెలాక్టికా కాదు, ఇందులో సరదా ఏది, అందరూ ఏడుస్తూనే ఉంటారు" అని. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చేది. టీవీలో కొత్త కృష్ణుడు ఎవరొచ్చినా "రామారావులా లేడురా" అని మొదలుపెట్టేది, కానీ అయిపోయేదాకా టీవీ ముందునుంచి లేచేది కాదు.

మొదటి గంట అదిరిపోయింది, దాని గురించి ఎవరూ గొడవ పడరు. ఓడ కమాండర్ అడామా నేల మీద ఎర్ర టేప్ అంటించి, వచ్చేవాళ్ళు ఈ పక్కకి, రానివాళ్ళు ఆ పక్కకి అని ముందు వారమే అనేశాడు, ఇప్పుడు అసలు దాడి మొదలయ్యేసరికి గదిలో పిజ్జా నమిలే శబ్దం కూడా లేదు. పాతబడి పగుళ్ళిచ్చిన ఓడ, దాంతో నేరుగా శత్రువు ఇంట్లోకి గుద్దేయడం, వాళ్ళు ఎత్తుకెళ్ళిన పిల్లని తెచ్చుకోవడం. ఈలలు వేశాం. తర్వాత స్టార్‌బక్ ఒక పాట స్వరాలని అంకెలు చేసి కొడితే ఓడ వచ్చి పడింది మన భూమి దగ్గర (ఆ బూడిద భూమి వేరే), మన ఆఫ్రికా, లక్షా యాభై వేల ఏళ్ళ కిందటి భూమి. గదిలో మళ్ళీ ఈలలు.

గొడవ ఇక్కడ మొదలు. అడామా కొడుకు లీ ఏమంటాడంటే, ఈ ఓడలు, మెషీన్లు, సిటీలు అన్నీ వదిలేద్దాం, కొత్తగా మొదలుపెడదాం అని. మిగిలిన నలభై వేల లోపు జనం కూడా సరే అనేస్తారు! నాలుగేళ్ళు మంచినీళ్ళ కోసం, ఓటు కోసం, గర్భస్రావం హక్కు కోసం కొట్టుకు చచ్చిన జనం ఒక్క మీటింగ్‌లో సరే అన్నారు. మా అపార్ట్‌మెంట్లో ఉన్నది ముగ్గురం, వాషింగ్ మెషీన్ ఏ రోజు ఎవరు వాడాలో కూడా సంవత్సరం నుంచి తేల్లేదు.

మా రూమ్మేట్ లేచి నిలబడ్డాడు. ఇంగ్లీషు వదిలేసి నా వైపు తిరిగి తెలుగులో మొదలుపెట్టాడు. "ఏంది భాయ్ ఇది, ఎద్దు లేదు, నాగలి లేదు, ఇత్తనం లేదు, ఏం ఎవుసం జేస్తరు వీళ్ళు? ఒక్కడన్న ఎన్నడన్న పొలంల దిగినోడు ఉన్నడా అండ్ల? వాన ఎప్పుడొస్తదో ఎరుకేనా? పాము గరిస్తె ఎట్ల? ఆ డాక్టర్‌కి సిగరెట్లు అయిపోతె ఆయనే ముందు పోతడు." మిగతావాళ్ళు ఏమంటున్నాడని అడిగితే నేను మొత్తం అనువాదం చేయలేక "సీడ్స్ గురించి అడుగుతున్నాడు" అన్నా.

ఒక్క విషయం చెప్పాలి, అవి 2009 మార్చి రోజులు. రిసెషన్. సీనియర్లకి వచ్చిన ఆఫర్లు వెనక్కి పోతున్నాయి, మా వాడికి క్యాంపస్‌లో ఉన్న గంటల పని కూడా ఆ నెలే పోయింది. "అన్నీ వదిలేసి పోయి పొలం చేసుకుందాం" అనే మాట మా వంటింట్లో రోజూ నడిచేదే, సగం జోకు, సగం కాదు. తెర మీద ఎవడో అంత తేలిగ్గా అదే మాట అంటే వాడికి కాలింది.

వాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, టీవీలో స్టార్‌బక్ భర్త ఆండర్స్ ఖాళీ ఓడలన్నిటినీ వరసగా సూర్యుడిలోకి నడిపిస్తున్నాడు. అప్పుడు వెనకాల వచ్చింది పాత ట్యూన్. 1978లో స్టూ ఫిలిప్స్ కట్టినది. కొత్త సీరీస్‌కి బేర్ మెక్‌క్రీరీ సంగీతమంతా డప్పులతో గంభీరంగా ఉంటుంది, పాత ట్యూన్ ఎక్కడో ఎప్పుడో తళుక్కుమనడమే. ఇక్కడ మాత్రం నిదానంగా, పూర్తిగా, సాగనంపుతున్నట్టు. సోఫా వైపు చూద్దును కదా, పెద్దాయన చేతిలో మూలలు కత్తిరించిన ప్లేటు, అందులో సగం తిన్న పులిహోర, చెంపల మీద నీళ్ళు. తుడుచుకోవడం కూడా లేదు. కొడుకు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు. మా వాడు కూడా అరుపు ఆపేసి కూర్చున్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఇంకాసేపటికి బాల్టార్ సీను. ఈ బాల్టార్ ఎవడంటే మొత్తం సీరీస్‌లో పెద్ద మేధావి, పెద్ద స్వార్థపరుడు, మనుషుల నాశనానికి దారి తీసింది వీడి నిర్వాకమే. వీడి పుట్టుక ఏరిలాన్ అనే వ్యవసాయం చేసుకునే గ్రహంలో. అక్కడి యాస సిగ్గనిపించి, ప్రయత్నం చేసి మరీ మార్చుకున్నాడని మూడో సీజన్‌లో చెప్తాడు, ఆ పాత యాస ఒకసారి మాట్లాడి చూపిస్తాడు కూడా. అలాంటివాడు ఆఖర్న కొండ మీద నిలబడి, అదుగో అటు పక్క సాగుకి పనికొచ్చే నేలుంది అంటాడు, "నాకు వ్యవసాయం తెలుసు" అని ఏడ్చేస్తాడు.

మా రూమ్మేట్ హైదరాబాద్‌లో కోచింగ్‌కి చేరిన కొత్తలో వాడి మాట విని క్లాసులో నవ్వేవాళ్ళట. "గట్ల", "ఎట్ల" అంటే వెనక బెంచీ నుంచి వెక్కిరింత. సినిమాల్లో అయితే ఆ యాస రౌడీకో కమెడియన్‌కో తప్ప ఇంకెవరికీ పెట్టేవాళ్ళు కాదు, దాని మీద నాకు విడిగా చాలా మంట ఉంది, నేను గుంటూరు వైపువాడినైనా సరే. దాంతో వాడు బయట "అలాగే అండి, వస్తానండి" భాష నేర్చుకున్నాడు. ఇంట్లో, కోపంలో, నా దగ్గర తప్ప అసలు యాస రాదు. ఇందాక అంతమంది మధ్య అరిచింది ఆ యాసలోనే అని వాడికప్పుడు తట్టినట్టుంది. బాల్టార్ ఏడుస్తుంటే మా వాడు కార్పెట్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేనూ కదిలించలేదు.

ఆ తర్వాత టైమ్స్ స్క్వేర్‌లో బొమ్మ రోబోలు డాన్సు చేసే ముక్క వచ్చి మూడంతా చెడగొట్టింది. ఆ రెండు నిమిషాలు మాత్రం నేను కూడా క్షమించను. మూర్ మ్యాగజైన్ పట్టుకుని తానే వచ్చి నిలబడ్డాడు అందులో, అదొకటి.

ఇక జనం తిట్టిన తిట్లు. పెద్దది, "సైన్స్ ఫిక్షన్‌లో దేవుడేంటి, చివరికి అంతా దేవుడి లీల అని చేతులు దులుపుకున్నారు" అని. నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అంతటివాడు కూడా ఈ విషయంలో బహిరంగంగానే విసుక్కున్నాడు. (పదేళ్ళ తర్వాత ఆయన కథ మీద తీసిన "గేమ్ ఆఫ్ థ్రోన్స్" ముగింపుకి జనం ఏం చేశారో మీకు తెలుసు, నేనేం అనను.) నాకు ఈ కోపం అర్థం కాదు. మొదటి మినీ సీరీస్‌లోనే ఆ ఎర్ర గౌను సిలాన్ దేవుడంటే ప్రేమ అని చెప్తూనే ఉంది, తర్వాత ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ప్రవచనాలు, గుళ్ళు, పూజారులు, టైటిల్స్‌లో గాయత్రి. డెబ్భై ఎనిమిదిలో గ్లెన్ లార్సన్ తీసినదాంట్లో కూడా వెలుగు ఓడలో దేవదూతల్లాంటివాళ్ళు వచ్చేవారు. ఇదంతా చూసి ఆఖర్న దేవుడెక్కణ్ణించి వచ్చాడు అనడం, రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుంది అన్నట్టే. స్టార్‌బక్ మాట్లాడుతూ మాట్లాడుతూ గాలిలో మాయమైపోయింది, ఆమె ఎవరో చెప్పలేదు అని ఇంకో ఏడుపు. నాకైతే ఆ సీను చాలా ఇష్టం.

న్యాయమైన కోపం ఒక్కటే ఉంది, అది ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదట్లో వారం వారం టైటిల్స్‌లో సిలాన్ల గురించి రాసి చివర్న "వాళ్ళ దగ్గర ఒక ప్లాన్ ఉంది" అని వేసేవారు. అది చూసి మేము నోట్ బుక్ పెట్టుకుని లెక్కలేశాం. అసలు ఆ లైన్ వేసేటప్పటికి ప్లాన్ గీన్ ఏమీ లేదని తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు. పైగా అదే ఏడాది "ద ప్లాన్" అని ఒక సినిమా తీసి అమ్మారు, చూడండి ధైర్యం. చీటీ కట్టించుకుని పాట రోజున చీటీ లేదన్నట్టు. 33 నిమిషాలకోసారి శత్రువు వచ్చి పడే మొదటి ఎపిసోడ్ చూడండి, అందులో ప్లాన్ ఏం అక్కర్లేదు, ఐదు రోజులు నిద్రలేని మొహాలు, ఆఖర్న బోర్డు మీద జనాభా ఒకటి పెరగడం, చాలు. ఆఖరి ఎపిసోడ్ రాసేటప్పుడు దారి దొరక్క మూర్ కూడా ఇది మనుషుల కథ అని బోర్డు మీద రాసుకున్నాడట. ఆ మాటేదో ముందే టైటిల్స్‌లో వేసుంటే మాకు నోట్ బుక్ ఖర్చన్నా మిగిలేది.

ఆ రాత్రి వచ్చేటప్పుడు పెద్దాయన కారు దాకా వచ్చాడు. నేను అలవాటుగా అంకుల్ అంటే నవ్వేవాడు, ఆ రోజు నవ్వలేదు. "ఇప్పటికీ అది గెలాక్టికా కాదు" అన్నాడు, ఖాళీ ట్రే చేతికిచ్చి.

రూమ్మేట్ ఇంటిదాకా ఏం మాట్లాడలేదు. పార్కింగ్‌లో దిగుతూ మాత్రం, "బాల్టార్‌కి ఎవుసం ఎరుకే, మంచిదే. గని ఇత్తనం ఏడికెళ్ళి తెస్తడు?" అన్నాడు.