ముందు అక్క గొలుసు విడిపించండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాదాపూర్‌లో నైట్ షిఫ్టు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో హాఫ్‌టైమ్‌కి ఏ టీమ్ ముందుంటుందో పందెం కాస్తాను. మ్యాచంతా కాదు, సగమే కాబట్టి రిస్కు తక్కువ. ఓడితే పందెం డబుల్ చేస్తాను. నా లెక్క కరెక్టే, చేతిలో డబ్బే నిలవట్లేదు. రెండు లక్షలు పోయాయి. అక్క బావకు చెప్పకుండా గొలుసు తాకట్టుపెట్టి లక్షన్నర ఇచ్చింది. ఇంకో యాభై వేలుంటే తేరుకుంటాను. బావను ఎలా అడగాలి?
– కూకట్‌పల్లి

జవాబు: అడగొద్దు. ఆ ప్రశ్న అక్కడితో సరి.

మీ లెక్క సంగతి చూద్దాం. రెండువైపులా రేటు 1.91 (గెలిస్తే కాసిన రూపాయితో కలిపి 1.91 తిరిగొస్తుంది) ఉంటే, వెయ్యి కాసి గెలిస్తే లాభం 910, ఓడితే వెయ్యీ పోతుంది. అంటే నూటికి కనీసం 53 సార్లు నెగ్గాలి. అదీ 24 నిమిషాల ఆటలో! ఆట ఎంత చిన్నదైతే బలమైన జట్టుకు తన బలం చూపే వ్యవధి అంత తక్కువ. రెండో క్వార్టర్ మొదట్లో కోచ్ స్టార్ ఆటగాళ్లను బెంచీ మీద కూర్చోబెడితే, ఎనిమిది పాయింట్ల ఆధిక్యం నాలుగు నిమిషాల్లో కరిగిపోతుంది. ఇక డబుల్ చేయడం: 500తో మొదలెట్టి వరసగా ఆరుసార్లు ఓడితే 31,500 పోతాయి, ఏడోదానికి 32,000 కావాలి. మీ డబ్బు నిలవనిది ఇందుకే. పైగా చలికాలంలో తెల్లవారి ఐదున్నర మ్యాచ్ ఏడింటిలోపే సగానికొస్తుంది, ఎనిమిదిన్నరకు ఇంకోటి రెడీ. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలు 2017 నుంచే నిషేధం. 2025లో కేంద్రమూ చట్టం తెచ్చింది. గెలిచిన డబ్బు పందెం యాప్‌వాళ్లు ఆపేస్తే ఎవరికి చెప్పుకుంటారు?

ఉత్తరమంతా పందెం గురించి రాశారు, అక్క గురించి ఒక్క వాక్యం. అసలు గొడవ అక్కడే ఉంది. బతుకమ్మకు బోసి మెడతో వస్తే అత్తగారు అడగరా? అక్క ఏదో ఒక అబద్ధం వెతుక్కోవాలి. పుట్టింటి అండగా ఉండాల్సిన తమ్ముడు అక్కను సొంత ఇంట్లోనే దొంగను చేశాడు. ఇది నాకు మింగుడుపడదు.

ఈ ఆదివారమే బావ దగ్గర కూర్చోండి. అక్కతో చెప్పించొద్దు. "అక్క తాకట్టుపెట్టింది" అనకండి, "నేను పెట్టించాను" అనండి. తాకట్టు రసీదు చూసి వడ్డీ రేటు, గడువు తేదీ రాసుకోండి. గడువు దాటితే వేలం నోటీసు అక్క పేరునే వస్తుంది, అది బావ చేతిలో పడితే మీరు చెప్పడానికేమీ మిగలదు. నెలనెలా వడ్డీకి పైన కట్టేది అసలులో జమ చేయమని కౌంటర్‌లో అడిగి రసీదు తీసుకోండి. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చమంటారు లెక్కలు తెలిసినవాళ్లు. నేను మాత్రం గొలుసే ముందంటాను. వేరే అప్పులుంటే వాటికి కనీస వాయిదాలు తప్పకుండా కట్టండి.

జీతం ఖాతాకు ఫోన్‌లో యూపీఐ తీసేయండి. దాని కార్డు నాన్నగారికివ్వండి. ఖర్చులకు వేరే ఖాతాలో వారానికింతని వేయించుకోండి. పొద్దున షిఫ్టు దిగాక చెయ్యి ఫోన్ మీదికి పోతే 14416కి చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

బావ కోప్పడతారు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. అయినా కట్టిన ప్రతి రసీదూ ఫొటో తీసి ఆయనకే పంపండి.